పాత రైల్వే టైం టేబుళ్లు, మ్యాపుల సేకరణ: హైదరాబాద్‌లో మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల దగ్గర కూర్చుని రైల్వే గైడు తిరగేస్తుంటే ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. కాలేజీ పిల్లలు అడుగుతారు, రైల్వేలో రిటైరైన పెద్దవాళ్లు అడుగుతారు, తాతగారి పెట్టెలో ఏదో దొరికిందని ఫోన్ తీసి ఫోటో చూపించేవాళ్లు ఉంటారు. ఇన్నేళ్లుగా ఎక్కువగా విన్న ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఎప్పుడో వెళ్లిపోయిన రైలు టైము ఇప్పుడు ఎందుకు?

కాచిగూడ పేజీ తీసి చూడండి. పాత దక్షిణ మధ్య రైల్వే పుస్తకాల్లో కాచిగూడ మీటర్ గేజ్ స్టేషన్, అంటే పట్టాల మధ్య ఒక మీటరు దూరం ఉండే చిన్న లైను. అక్కడి నుంచి చిన్న లైను మీద మన్మాడ్ వైపు అజంతా ఎక్స్‌ప్రెస్, పూర్ణ, ఖండ్వా మీదుగా జైపూర్ దాకా మీనాక్షి ఎక్స్‌ప్రెస్ నడిచేవి. ఇవాళ్టి పుస్తకంలో ఆ దారి అలా లేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు నిజామాబాద్ వైపు పెళ్లికి వెళ్లిన కథ ఎన్నోసార్లు చెప్పారు. ఏ రైలు ఎక్కారు, ఎన్నింటికి దిగారు, చంటిపిల్లలతో ఎంతసేపు కూర్చున్నారు అన్నది నాకు తెలిసింది మాత్రం టైం టేబుల్ చూశాకే. చరిత్ర పుస్తకాలు లైను ఎప్పుడు వేశారో చెబుతాయి. ఆ లైను మీద మామూలు మనిషికి రోజు ఎలా గడిచిందో ఈ అట్ట చిరిగిన పుస్తకంలో ఉంటుంది.

అందుకే ఒక మాట ముందే చెబుతాను. ఇవి బీరువాలో దాచుకునే వస్తువులు మాత్రమే కావు, చదువుకోవాల్సిన పుస్తకాలు. ఒకే లైను పేజీని పదేళ్ల తేడాతో రెండు పుస్తకాల్లో పక్కపక్కన పెట్టండి. ఏ స్టేషన్‌లో ఆగడం మానేశారు, ఏ ప్యాసింజర్ రద్దయింది, ఎక్కడ అరగంట తగ్గింది అన్నవి కనిపిస్తాయి. ఆ రోజు నుంచి మీరు మానరు.

ఎక్కడ మొదలుపెట్టాలి? నిజాం కాలం నాటివే వెతకాలా?

వద్దు. మీ ఊరి లైనుతో మొదలుపెట్టండి. వరంగల్ వాళ్లయితే కాజీపేట పేజీ, మహబూబ్‌నగర్ వాళ్లయితే డోన్ లైను పేజీ. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. ఆ తర్వాత వచ్చిన జోనల్ టైం టేబుళ్లు, ముఖ్యంగా 1980ల తర్వాతివి, ఓపిక ఉంటే దొరుకుతాయి, జేబుకు భారం కావు. వాటితో కన్ను పదును పెట్టుకున్నాక పాతవాటి జోలికి వెళ్లండి. మొదటిరోజే నిజాం కాలం కాగితం కోసం బయల్దేరినవాళ్లు చాలామంది నకలు కొని ఇంటికొచ్చారు.

నిజాం రైల్వే కాగితాల మీద పేర్లు రకరకాలుగా ఉంటాయి. అన్నీ ఒకటేనా?

ఒకటే రైల్వే, వేరు వేరు కాలాలు. ఆ పేరే మీకు మొదటి ఆధారం.

వాడి జంక్షన్ (ఇప్పుడు కర్ణాటకలో ఉంది) నుంచి సికింద్రాబాద్‌కు లైను 1874లో తెరిచారు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలమది, ఖర్చు నిజాం ప్రభుత్వానిది. తర్వాత 1880లలో ఇంగ్లండు కంపెనీ చేతికి వెళ్లి నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అయింది. పెట్టుబడికి ఇంత వడ్డీ వస్తుందని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది కాబట్టి ‘గ్యారంటీడ్’. 1889కి లైను బెజవాడ చేరింది. 1900 ప్రాంతంలో గోదావరి లోయ మీదుగా మన్మాడ్ దాకా మీటర్ గేజ్ పడింది. పాత మ్యాపుల మీద దీన్ని హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే అని విడిగా రాస్తారు. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ భవనం 1916లో వచ్చాయి.

1930లో ప్రభుత్వమే కంపెనీ నుంచి రైల్వేను తీసుకుంది. అప్పటి నుంచి పేరులో ‘గ్యారంటీడ్’ పోయి నిజామ్స్ స్టేట్ రైల్వే అయింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చి, 1951 నవంబరు 5న ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో కలిసింది. అంటే 1951 నుంచి 1966 దాకా సికింద్రాబాద్ సెంట్రల్ రైల్వే పుస్తకంలో ఉంటుంది, విజయవాడ సదరన్ రైల్వే పుస్తకంలో ఉంటుంది. ఆ పదిహేనేళ్ల హైదరాబాద్ కావాలనుకునేవాళ్లు బొంబాయి నుంచి వచ్చిన పుస్తకాలు వెతకాలి, సెంట్రల్ రైల్వే కేంద్రం అక్కడే. ఈ సంగతి తెలియక ఇక్కడి దుకాణాల్లో వెతికి వెతికి విసిగిపోయినవాళ్లను చూశాను.

అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ఏ సంవత్సరానిదో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, కాబట్టి జవాబు కొంచెం పెద్దది.

ముందు డబ్బు చూడండి. ఛార్జీలైనా, ప్రకటనల్లో ధరలైనా అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది అనుకోవచ్చు. ‘నయా పైసలు’ అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. 1964 జూన్ నుంచి ‘నయా’ పోయి ఉత్త పైసలు మిగిలాయి. హైదరాబాద్ సంస్థానం కాగితమైతే ఇంకో మెలిక ఉంది. ఇక్కడ హాలీ సిక్కా అనే సొంత రూపాయి నడిచేది. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. రెండో రకాన్ని జనం కల్దార్ అనేవాళ్లు. పాత కాగితం మీద రూపాయి కనిపిస్తే ఏ రూపాయో చూసుకోవాలి.

తర్వాత ప్రకటనలు. టైం టేబుళ్లలో హోటళ్లు, తాళాలు, అమృతాంజనాలు, సైకిళ్ల ప్రకటనలు ఉండేవి. చిరునామా చివర ఆరంకెల పిన్ కోడ్ ఉంటే ఆ పుస్తకం 1972 ఆగస్టు 15 తర్వాతిదే, ఎందుకంటే పిన్ కోడ్ పుట్టింది ఆ రోజే.

ఊళ్ల పేర్లు చూడండి. బెజవాడ అని ఉంటే పాతది. విశాఖపట్నం స్టేషన్‌కు 1987 దాకా వాల్తేరు అనే పేరు. బొంబాయి ముంబై అయింది 1995లో, మద్రాసు చెన్నై అయింది 1996లో.

రైలు నంబర్లు ఇంకా మంచి ఆధారం. ఒకటి, రెండు, మూడు అంకెల నంబర్లు పాతవి. నాలుగంకెలు 1990 ప్రాంతం నుంచి. అయిదంకెలు 2010 డిసెంబరు 20 నుంచి. రైలు పేర్లూ చెబుతాయి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఉంటే 1969 లేదా తర్వాత. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ 1976లో మొదలైంది, 2014లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది.

మ్యాపులకు వేరే గుర్తులు. కాజీపేట నుంచి బల్హార్షాకు లైను గీసి ఉంటే 1929 ప్రాంతం లేదా తర్వాతిది. ఆ ముక్క పూర్తయ్యాకే ఢిల్లీ, మద్రాసు మధ్య మన కాజీపేట మీదుగా నేరుగా దారి ఏర్పడింది. కరాచీ, లాహోర్ లైన్లు దేశం లోపలే ఉంటే 1947కు ముందుది. హైదరాబాద్ రాష్ట్రం సరిహద్దు ఉంటే 1956 నవంబరు 1కి ముందుది.

ఒక్క ఆధారంతో తీర్పు చెప్పేయకండి. మ్యాపు అచ్చు దిమ్మను ప్రతి ఏడూ మార్చేవాళ్లు కాదు, కాబట్టి పుస్తకం కంటే అందులోని మ్యాపు పాతదై ఉండవచ్చు. మూడు ఆధారాలు ఒకే చోటికి వస్తే అప్పుడు పెన్సిల్‌తో సంవత్సరం రాసుకోండి.

చాలా పాత టైం టేబుల్‌లో ‘మద్రాస్ టైం’ అని ఉంది. అదేమిటి?

దేశమంతటికీ ఒకే గడియారం లేని రోజులవి. కలకత్తా టైము వేరు, బొంబాయి టైము వేరు. రైళ్లు ఎక్కువగా మద్రాసు టైము పాటించేవి. ఇప్పటి మన టైము కంటే అది సుమారు 9 నిమిషాలు వెనుక. భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ చేతిలో కాగితం మీద మద్రాస్ టైం అని నిజంగా ఉంటే దాన్ని చాలా జాగ్రత్తగా పట్టుకోండి.

అప్, డౌన్ పట్టికలు చదవడం రావట్లేదు.

మధ్యలో స్టేషన్ల పేర్లు ఉంటాయి. ఎడమవైపు గడులు పైనుంచి కిందికి, కుడివైపు గడులు కింది నుంచి పైకి చదవాలి. బాణం గుర్తు చూస్తే తెలిసిపోతుంది. రెండు రోజులు మీకు తెలిసిన లైనుతో సాధన చేస్తే చాలు.

బ్రాడ్‌షా అంటే?

జార్జ్ బ్రాడ్‌షా ఇంగ్లండులో 1839లో రైల్వే టైం టేబుళ్లు అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఆయన పేరు చివరికి టైం టేబుల్‌కే పేరైపోయింది. మన దేశంలో కలకత్తా న్యూమన్ కంపెనీ ఇండియన్ బ్రాడ్‌షాను అచ్చువేసింది. అన్ని రైల్వేలూ ఒకే పుస్తకంలో ఉంటాయి కాబట్టి నిజాం రైల్వే పేజీలు కూడా అందులో ఉంటాయి. విడిగా నిజాం రైల్వే పుస్తకం దొరకడం కష్టం. పాత బ్రాడ్‌షా ఒకటి దొరికితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

ఆదివారం ఆబిడ్స్. పొద్దున్నే వెళ్లండి. కాగితాలు విప్పి పరుస్తున్న సమయంలోనే మంచివి కనిపిస్తాయి. టైం టేబుళ్లను పుస్తకాల వరుసలో పెట్టరు. పాత పత్రికలు, పోటీ పరీక్షల గైడ్ల కింద అట్టడుగున ఉంటాయి. “అన్నా, రైల్వే గైడ్లు ఏమైనా ఉన్నాయా?” అని అడుగుతూ ఉండండి. నాలుగు వారాలు అడిగితే అయిదో వారం మీకోసం పక్కన తీసి పెడతారు. నాకు వచ్చిన వాటిలో మంచివన్నీ అలా వచ్చినవే.

కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, గురువారం జుమ్మేరాత్ బజార్ కూడా చూడండి. అయితే అసలైన గని కాలనీల్లో తిరిగే పాత పేపర్ల వాళ్ల దగ్గర ఉంటుంది. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ వైపు తరతరాలుగా రైల్వే కుటుంబాలు ఉన్నాయి. పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఇలాంటి కాగితాలే ముందు బయటికి వస్తాయి. అక్కడి స్క్రాప్ దుకాణంలో మీ ఫోన్ నంబర్ ఇచ్చి, కిలో ధర కంటే ఎక్కువ ఇస్తానని చెప్పి రండి.

రిటైరైన గార్డులను, స్టేషన్ మాస్టర్లను కలవండి. కొనడానికి కాదు, వినడానికి వెళ్లండి. ఒక పెద్దాయన నా పుస్తకంలో కాచిగూడ పేజీ మీద వేలు పెట్టి, ఏ రైలు ఏ స్టేషన్‌లో నీళ్లు పట్టేదో వరుసగా చెప్పారు. అవన్నీ ఆ పేజీ పక్కనే ఇంకో కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం లేకపోతే ఆ పేజీ నాకు సగమే.

కొనకుండా చూడాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉన్నాయి. ఆ లైబ్రరీ 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైంది. ఏం కావాలో ముందే రాసుకుని వెళ్లండి, ఓపిక తీసుకుని వెళ్లండి.

పాత హైదరాబాద్ పటంలో రైలు పట్టాలు చూడాలని ఉంది.

అయితే లియోనార్డ్ మన్ సర్వే పటాలు చూడండి. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, 1912 నుంచి 1915 దాకా నగరాన్ని వీధి వీధి కొలిచి గీసిన పటాలివి. నకళ్లు కంప్యూటర్‌లో దొరుకుతున్నాయి. పట్టాల పక్కన అప్పట్లో ఎంత ఖాళీ నేల ఉండేదో చూస్తే ఇప్పటి నాంపల్లి, కాచిగూడ తెలిసినవాళ్లకు గుండె కాస్త బరువెక్కుతుంది. నగరం చుట్టుపక్కల లైన్లకు సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు (నేల ఎత్తుపల్లాలు, దారులు చూపే పటాలు) మేలు. హైదరాబాద్ ప్రాంతానికి 56 కె వరుస అడగండి.

ధర ఎంత పెట్టాలి?

నిలకడ ధర లేదు. అమ్మేవాడికి తెలియకపోతే పది రూపాయలు, తెలిస్తే వేలు. నేను మూడే చూస్తాను: పేజీలు అన్నీ ఉన్నాయా, మడత మ్యాపు లోపలే ఉందా, నాకు కావలసిన లైను ఉందా. మ్యాపు చింపి విడిగా అమ్మేవాళ్లు ఉంటారు. అలా విడదీసిన మ్యాపు కొంటే వాళ్లను ప్రోత్సహించినట్టే, కాబట్టి నేను కొనను.

పేజీ మీద ఎవరో పెన్సిల్‌తో గీత గీసి, ‘అమ్మ వస్తుంది’ అని రాసి ఉంటే కొందరు ధర తగ్గించమంటారు. నా లెక్కలో అలాంటి పుస్తకానికి విలువ ఎక్కువ.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

భూతద్దం, చిన్న అల్ట్రావయొలెట్ టార్చి కొనుక్కోండి. 1950కి ముందు కాగితాల్లో తెల్లదనం పెంచే రసాయనాలు సాధారణంగా వాడలేదు. నీలి వెలుగులో కాగితం తెల్లగా మెరిస్తే, అది 1920ల నాటిదని చెప్పేవాడి మాట నమ్మకండి. భూతద్దంలో అక్షరాల అంచులు రంగు చుక్కలుగా విడిపోతే అది స్కాన్ చేసి ప్రింట్ తీసింది. టీ నీళ్లలో ముంచి పాతబరిచిన కాగితం అంతా ఒకే రంగులో ఉంటుంది. నిజంగా పాతబడిన కాగితం అంచుల్లో ముదురుగా, లోపల లేతగా ఉంటుంది. నకలును నకలనే చెప్పి అమ్మితే తప్పు లేదు, గోడకు తగిలించడానికి అదే మంచిది.

సిబ్బంది వాడే వర్కింగ్ టైం టేబుల్ దొరికింది. ఉంచుకోవచ్చా?

ఇది డ్రైవర్లు, గార్డులు, కంట్రోలర్ల పుస్తకం. వేగ పరిమితులు, క్రాసింగులు, గూడ్సు బళ్ల దారులు ఉంటాయి. దశాబ్దాల నాటిది, రిటైరైన ఉద్యోగి ఇంట్లో నుంచి వస్తే చరిత్రగా చదువుకోవచ్చు. ఇప్పుడు అమల్లో ఉన్నదైతే తీసుకోకండి, ఫోటోలు తీసి పంచకండి. స్టేషన్ గోడ మీది బోర్డు, ఆఫీసులోని మ్యాపు ఊడదీసి తెచ్చి అమ్మేవాళ్ల జోలికి వెళ్లకండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది, కొన్నవాడూ ఇరుక్కుంటాడు.

మన వాతావరణంలో ఎలా భద్రపరచాలి?

టైం టేబుల్‌ను ఏడాది వాడి పారేయడానికి చవక కాగితం మీద వేశారు. ఆ కాగితంలోనే ఆమ్లం ఉంటుంది, అదే దాన్ని లోపలి నుంచి తింటుంది. మనం ఆపలేం, నెమ్మదింపజేయగలం.

హైదరాబాద్‌లో రెండు శత్రువులు. ఏప్రిల్, మే ఎండకు కాగితం పెళుసుబారుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా తేమకు బూజు పడుతుంది. అటక మీద పెట్టకండి, ఇంట్లో అన్నిటికంటే వేడెక్కేది అదే. బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు, వానకు ఆ గోడ చెమ్మ పడుతుంది. లోపలి గోడ దగ్గర, నేలకు కొంచెం ఎత్తులో ఇనుప బీరువా మంచిది. గోడకూ బీరువాకూ మధ్య జానెడు ఖాళీ ఉంటే చెదలు ఎక్కడం కనిపిస్తుంది. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారగానే మార్చండి. వేపాకు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బాగా ఎండబెట్టి గుడ్డ మూటలో కట్టి, కాగితానికి తగలకుండా పెడితే సరే. పచ్చి ఆకు పేజీల మధ్య పెడితే మరక మిగులుతుంది.

కవర్లు పాలియెస్టర్‌వి కొనండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు అచ్చును పీల్చేస్తాయి. తుప్పుపట్టిన పిన్నులను నెమ్మదిగా తీసి నూలు దారంతో కుట్టండి. మ్యాపును మళ్లీ మళ్లీ మడత పెట్టకండి. పరిచి పెట్టే చోటు లేకపోతే లావాటి గొట్టం పైన చుట్టండి, లోపలికి తోయకండి. సిల్వర్ ఫిష్ పురుగులు ఉన్నాయనిపిస్తే పుస్తకాన్ని గాలి చొరకుండా సంచీలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. తీశాక సంచీ వెంటనే విప్పకండి, చల్లదనం పోయేదాకా ఒక రోజు ఆగండి.

చిరిగిపోయిన మ్యాపును లామినేషన్ చేయించవచ్చా?

దయచేసి చేయించకండి. మొదట్లో నేను ఒక మడత మ్యాపును వీధి చివరి షాపులో లామినేషన్ చేయించాను. రెండేళ్లకు మడతల దగ్గర బుడగలు లేచి, కాగితం ప్లాస్టిక్‌కు అతుక్కుని పసుపు పచ్చగా మారింది. దాన్ని ఇక ఎవరూ బాగుచేయలేరు. నిజాం రైల్వే లైన్లు ఎర్ర గీతల్లో ఉన్న మ్యాపు అది, అలాంటిది మళ్లీ దొరకలేదు. సెల్లో టేపు కూడా ఇంతే. చిరుగు ఉంటే పలుచని జపాన్ కాగితం, గోధుమ పిండి జిగురుతో వెనుకవైపు అతికించండి. ముందు పనికిరాని కాగితం మీద చేతులు అలవాటు చేసుకోండి.

స్కాన్ చేసి అందరికీ ఇవ్వవచ్చా?

ఇవ్వండి, కానీ సంవత్సరం చూసుకోండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణకు అచ్చయిన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అది దాటినవి ధైర్యంగా పంచుకోవచ్చు. పట్టికల్లో అంకెలు చిన్నవి కాబట్టి కనీసం 400 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) పెట్టండి, మ్యాపులకు 600. కట్టు విరిగేలా పుస్తకాన్ని స్కానర్ మీద నొక్కకండి, పైనుంచి ఫోటో తీయడం మేలు.

అమెరికాలో ఉన్న మా అన్నయ్యకు పంపాలి. ఇబ్బందా?

పాతవైతే ఆలోచించాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న పత్రాలు 75 ఏళ్లు దాటితే పురావస్తువుల కిందికి రావచ్చు, వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. అనుమానం ఉంటే పురావస్తు శాఖను ముందే అడగండి. 1990ల పుస్తకాలకు ఈ బాధ లేదు.

బస్సు టైం టేబుళ్లు కూడా ఇందులోకి వస్తాయా?

హైదరాబాద్‌లో తప్పకుండా వస్తాయి. మన ఆర్టీసీ పుట్టింది నిజాం రైల్వే లోపలే. 1932లో రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆ కాలపు రైలు, బస్సు కాగితాలు ఒకే ఇంటివి, విడదీయకండి.

ఇప్పటి కాగితాల్లో దాచాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి, వెంటనే దాచాలి. టైం టేబుళ్లు ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. అచ్చు పుస్తకం కొనేవాళ్లు తగ్గారు, పీడీఎఫ్‌లు కొత్తవి రాగానే పాతవి కనిపించకుండా పోతాయి. సికింద్రాబాద్ పాత స్టేషన్ భవనాన్ని పునర్నిర్మాణంలో కూల్చేశారు. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైంది, సికింద్రాబాద్ నుంచి బయల్దేరే కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. ఈ మార్పు ముందు, తర్వాత పుస్తకాలు రెండూ దాచినవాళ్లు ఎంతమంది ఉంటారు? 2003లో నగరంలో లోకల్ రైళ్లు, ఎంఎంటీఎస్, మొదలైనప్పుడు పంచిన టైమింగ్స్ కాగితం ఇప్పుడు నేను వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు. మీ ఇంట్లో పాత పర్సులోనో, క్యాలెండర్ వెనుకో ఉంటే పారేయకండి. పీడీఎఫ్ దొరికితే దించుకుని, ఫైలు పేరులో తేదీ రాసుకోండి. కాగితమైతే వెనుక మూలన మెత్తటి పెన్సిల్‌తో ఎప్పుడు, ఏ స్టేషన్‌లో తీసుకున్నారో రాయండి. పెన్నుతో వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది.